కొత్తగా లీడరైనవాళ్లకు కోచింగ్ ఏం చేస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

నిన్నటిదాకా మీ పనికి మీరే జవాబుదారీ. ఇవాళ్టి నుంచి ఆరుగురో పదిమందో చేసే పని కూడా మీ ఖాతాలో పడింది. సరిగ్గా ఈ మలుపులో ఉన్నవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్నలు ఇవి. నేను ఇప్పుడు కోచ్‌గా పనిచేస్తున్నాను. అంతకుముందు కొన్నేళ్లు ఒక టీమ్‌ని నడిపాను. మొదటి ఏడాది బాగా నడపలేదు. అందుకే కొన్ని జవాబుల్లో ఆ అనుభవం వాసన తగులుతుంది, మన్నించండి.

కోచింగ్ అంటే పరీక్షలకు ఇప్పించే కోచింగ్ లాంటిదా?

పేరు ఒకటే, పని వేరు. ‘కోచింగ్’ అనగానే మనకు పోటీ పరీక్షలు, మెటీరియల్, మాక్ టెస్టులు గుర్తొస్తాయి. అందులో తప్పేం లేదు, నిజానికి ఆ అర్థమే పాతది. హంగరీలో కోచ్ అనే ఊళ్లో తయారైన గుర్రపు బండికి ఆ ఊరి పేరే స్థిరపడింది. రైలు పెట్టెను కోచ్ అంటున్నామంటే ఆ బండి చలవే. 1830 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు తమను పరీక్ష గట్టెక్కించే ట్యూటర్‌ని వేళాకోళంగా ‘కోచ్’ అనడం మొదలుపెట్టారు. బండిలో ఎక్కించుకుని అవతలి ఒడ్డున దింపేస్తాడని. ఆటల్లోకి ఆ మాట తర్వాత వచ్చింది, ఆఫీసుల్లోకి ఇంకా చాలా తర్వాత.

ఇక్కడ మాట్లాడుకునే కోచింగ్‌కి మూలం ఒక టెన్నిస్ కోర్టు. 1970లలో కాలిఫోర్నియాలో టెన్నిస్ నేర్పే తిమోతీ గాల్వే ఒక విచిత్రం గమనించాడు. రాకెట్ ఇలా పట్టు, మోచెయ్యి అలా పెట్టు అని చెప్పేకొద్దీ ఆటగాడు బిగుసుకుపోతున్నాడు. దాంతో ఆయన చెప్పడం తగ్గించాడు. బంతి నేలను తాకినప్పుడు ఒక మాట, రాకెట్‌కు తగిలినప్పుడు ఇంకో మాట పైకి అనమన్నాడు, అంతే. చూపు బంతి మీద నిలిచేసరికి చెయ్యి దానంతటదే సర్దుకుంది. ఈ పద్ధతిని బ్రిటన్‌లో కంపెనీల దాకా తీసుకెళ్లినవాళ్లలో ముఖ్యుడు జాన్ విట్‌మోర్. ఆయన అంతకుముందు కార్ రేసర్.

కాబట్టి ఇందులో సిలబస్ ఉండదు, మోడల్ పేపర్ ఉండదు. మీ పనిని మీరే తేరిపార చూసుకునేలా చేసే మనిషి ఒకరు ఎదురుగా కూర్చుంటారు.

పనిలో దిట్ట కాబట్టే ప్రమోషన్ ఇచ్చారు. మళ్లీ కోచింగ్ ఎందుకు?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, అందుకే జవాబు కాస్త సాగుతుంది.

ఒక పనిలో దిట్ట కావడం, ఆ పని చేసేవాళ్లను నడపడం రెండు వేరు విద్యలు. బాగా చేసేవాడిని పైకి ఎక్కిస్తూ పోతే చివరికి అతను తనకు చేతకాని మెట్టు మీద ఆగిపోతాడని లారెన్స్ పీటర్ 1969లో సగం వెటకారంగా అన్నమాట ‘పీటర్ సూత్రం’గా నిలిచిపోయింది. వెటకారమే అయినా తర్వాత లెక్కలు కూడా అటే మొగ్గాయి. ముగ్గురు ఆర్థికవేత్తలు అమెరికా కంపెనీల్లో అమ్మకాల సిబ్బంది వివరాలు తీసి చూశారు. ఎక్కువ అమ్మినవాళ్లకే ఎక్కువగా మేనేజర్ పదవి దక్కింది. కానీ సొంత అమ్మకాల్లో మిన్నగా ఉన్నవాళ్లు మేనేజర్లయ్యాక వాళ్ల కింద టీమ్ పనితీరు సగటున వెనకబడింది.

ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. పనిమంతుడికి పని కళ్ల ముందు తప్పుగా జరుగుతుంటే చెయ్యి ఊరుకోదు. ‘నువ్వు లే, నేను చేస్తా’ అంటాడు. నేనూ అదే చేశాను. మా టీమ్‌లో ఒకబ్బాయి రెండు రోజులు కూర్చుని వేసిన లెక్కల పట్టికను పది నిమిషాలు చూసి, మొత్తం చెరిపేసి, నా పద్ధతిలో మళ్లీ కట్టాను. నాది అతనిదానికంటే బాగుంది, సందేహం లేదు. ఆ తర్వాత మూడు నెలలు అతను ఏ పట్టికా పూర్తి చేసి ఇవ్వలేదు. సగం చేసి ‘మీరొకసారి చూస్తారా’ అని పంపేవాడు. అతనికి బద్ధకమని పైవాళ్లకు ఫిర్యాదు కూడా చేశాను. ఆ బద్ధకాన్ని నేర్పింది నేనేనని అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

కొత్త లీడర్‌కి కోచింగ్ ప్రధానంగా పనికొచ్చేది ఇక్కడే. కొత్తగా ఏదో నేర్పడం కంటే, ఇన్నాళ్లూ అన్నం పెట్టిన అలవాటు ఎక్కడెక్కడ అడ్డం తిరుగుతోందో పట్టుకోవడం. అది ఒంటరిగా పట్టుకోవడం కష్టం, ఎందుకంటే ఆ అలవాటుకే నిన్నటిదాకా మెచ్చుకున్నారు.

కోచ్‌కీ మెంటార్‌కీ ట్రైనర్‌కీ తేడా ఏమిటి?

ట్రైనర్ అందరికీ ఒకే పాఠం చెబుతాడు. మెంటార్ మీరు వెళ్లే దారిలో ముందే వెళ్లినవాడు, ‘నేనైతే ఇలా చేశాను’ అంటాడు. కోచ్ మీ దారి గురించి మిమ్మల్నే అడుగుతాడు. కౌన్సెలర్ వేరు: నిద్ర పట్టకపోవడం, ఎడతెగని దిగులు, పాత గాయాలు, ఇవి శిక్షణ పొందిన మానసిక నిపుణులు చూడాల్సినవి. మంచి కోచ్‌కి తన హద్దు తెలుస్తుంది, అక్కడ ఆగి మిమ్మల్ని అటు పంపిస్తాడు.

ఆచరణలో ఈ గీతలు చెరిగిపోతూనే ఉంటాయి. నేనూ అప్పుడప్పుడు నా కథ చెప్పేస్తాను, పైన చెప్పినట్టే.

సెషన్‌లో అసలు ఏం జరుగుతుంది?

బయటినుంచి చూస్తే ఇద్దరు మనుషులు గంటసేపు మాట్లాడుకుంటారు. లోపల ఏం జరుగుతుందో ఒక ముక్క చూపిస్తాను. ఎనిమిది మంది టీమ్‌కి కొత్తగా లీడ్ అయిన ఒకావిడ సంగతి ఇది. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

“రాత్రి పదకొండింటికి కూర్చుని రిపోర్టు తిరగరాస్తున్నానండీ.”

“ఎవరి రిపోర్టు?”

“మా జూనియర్‌ది. పొద్దున్నే క్లయింట్‌కి వెళ్లాలి.”

“తిరగరాసిన సంగతి అతనికి తెలుసా?”

కాస్త ఆగారు. “లేదు. పంపేశాక చూసుకుంటాడేమో.”

“చూసుకుంటే ఏమనుకుంటాడు?”

ఈసారి ఇంకాస్త ఎక్కువసేపు ఆగారు. “ఎలాగూ మేడమ్ మారుస్తారు కదా అనుకుంటాడు.” తర్వాత మెల్లగా, “అందుకే అలా రాస్తున్నాడు.”

ఆ చివరి వాక్యం నేను చెప్పి ఉండొచ్చు. మొదటి నిమిషంలోనే నా నాలుక చివర ఉంది. కానీ నేను చెబితే ఆవిడ ‘నిజమేనండీ, కానీ టైమ్ ఉండదు’ అనేవారు. ఆవిడ నోటినుంచే వచ్చింది కాబట్టి దానికి ‘కానీ’ తగిలించలేకపోయారు.

ఆ రోజు ఆవిడ తీసుకున్న నిర్ణయం చాలా చిన్నది: తర్వాతి రిపోర్టును ఒక రోజు ముందే తెప్పించుకోవడం, తను ఒక్క అక్షరం కూడా మార్చకుండా మూడంటే మూడు వ్యాఖ్యలు రాసి వెనక్కి పంపడం. రెండు వారాల తర్వాత వచ్చి చెప్పారు. మొదటి రిపోర్టు ఆవిడ మనసుకు నచ్చినట్టు రాలేదు, అయినా అలాగే వెళ్లింది. ఆవిడ భయపడిన చోట క్లయింట్ ఏమీ అనలేదు, అసలు ఊహించని ఒక అంకె గురించి అడిగాడు. ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో జూనియర్ చెప్పాడు, ఎందుకంటే రాసింది అతనే. మూడో రిపోర్టుకి ముందు అతనే ఫోన్ చేసి ‘ఈ భాగం ఎలా పెడితే బాగుంటుంది’ అని అడిగాడట. ఇది నాకు రిపోర్టు బాగుపడటం కంటే పెద్ద సంగతిగా అనిపించింది.

కోచ్‌లు వాడే ఒక చట్రం ఉంది, 1980లలో విట్‌మోర్, ఆయన సహచరులు రూపొందించింది. గోల్, రియాలిటీ, ఆప్షన్స్, విల్ అనే ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు కలిపి దాన్ని ‘గ్రో’ అంటారు. ఏం కావాలి, ఇప్పుడు ఏం జరుగుతోంది, ఏమేం దారులున్నాయి, ఏం చేయబోతున్నారు, ఈ నాలుగే అందులో ఉన్నవి. కొత్తవాళ్లు తరచూ రెండోదాన్ని దాటేసి మూడోదానికి దూకుతారు. జరుగుతున్నది సరిగా చూడకుండానే పరిష్కారాలు వెతుకుతారు. పై సంభాషణ అంతా రెండో మెట్టు మీదే నడిచిందని గమనించండి.

సలహా ఇవ్వని మనిషికి ఫీజు ఎందుకు కట్టాలి?

అడగాల్సిన ప్రశ్నే. సలహాలు మీకు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి. పని అప్పగించాలని, ఓపిగ్గా వినాలని, నలుగురిలో తిట్టకూడదని మీకు తెలియదా? తెలిసినదానికీ మంగళవారం ఉదయం మీటింగ్‌లో చేసేదానికీ మధ్య దూరం ఉంది చూశారా, పనంతా అక్కడే.

ఇంకో కారణం ఉంది. మీ టీమ్‌లో ఎవరు ఎలాంటివాళ్లో, మీ పైఅధికారికి దేనికి కోపం వస్తుందో కోచ్‌కి తెలియదు. తెలియని ఇంటి గురించి గోడ ఎక్కడ కొట్టాలో చెప్పడం ప్రమాదం. అయితే ఎంత అడిగినా ‘మీకేమనిపిస్తోంది’ అనే జవాబే ఇచ్చే కోచ్‌లూ ఉన్నారు. అదీ ఒక రకం బడాయే. మీకు ఒక సమాచారం తెలియక ఆగిపోతే, అది తెలిసిన కోచ్ చెప్పేయాలి. ప్రశ్నలతో తిప్పకూడదు.

నిన్నటిదాకా పక్క సీటు స్నేహితులకు ఇవాళ నేను బాస్‌ని. ఎలా?

నా దగ్గరికి వచ్చే కొత్త లీడర్లలో సగానికి సగం మంది గుండె బరువు ఇదే. ‘ఒరేయ్’ అని పిలిచినవాడు నలుగురి ముందు ‘సార్’ అంటాడు. అందులో గౌరవం ఎంత, వెక్కిరింత ఎంత అని రాత్రంతా లెక్క వేసుకుంటారు. కబుర్ల మధ్యకు మీరు వెళ్లగానే మాట మారుతుంది. మిమ్మల్ని తీసేసి ఇంకో వాట్సాప్ గ్రూపు పెట్టారని తెలుస్తుంది. అది నొప్పిగానే ఉంటుంది, పెట్టనివ్వండి. మీ మీద నాలుగు మాటలు అనుకోవడానికి వాళ్లకూ చోటు కావాలి.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. కొందరు ఏమీ మారనట్టు నటిస్తారు. మొహమాటానికి పోయి తప్పును తప్పనరు, చివరికి మింగలేక కక్కలేక ఒక రోజు పేలిపోతారు. ఇంకొందరు మొదటి రోజే గొంతు మార్చి కర్ర పెత్తనానికి దిగుతారు. కోచ్ దగ్గర ఈ విషయం వచ్చినప్పుడు నేను సాధారణంగా చేయించేది రిహార్సల్. ఆ స్నేహితుడి పాత్ర నాది. ‘మన మధ్య ఏం మారింది, ఏం మారలేదు’ అనే సంభాషణను నా మీద ప్రయోగించమంటాను. మొదటిసారి అందరూ క్షమాపణతో మొదలుపెడతారు: ‘నేను అడగలేదురా, వాళ్లే ఇచ్చారు.’ మూడోసారికి మాట నిలబడుతుంది: ‘జీతం పెంపు, సెలవుల విషయం వచ్చినప్పుడు నేను నీ స్నేహితుడిగా మాట్లాడలేను. ముందే చెబుతున్నాను, తర్వాత నీకు మోసం అనిపించకూడదని.’ నోరు ఒకసారి తిరిగిన మాట అసలు సమయంలో తడబడదు.

ఆ పదవికి తనూ పోటీపడి దక్కనివాడు అదే టీమ్‌లో ఉంటే? అతనితో మాట్లాడటం మొదటి వారంలోనే జరగాలి. వాయిదా వేసేకొద్దీ అది గడ్డకడుతుంది.

నా లోపాలు నాకెలా తెలుస్తాయి? 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ తీసుకోవాలా?

పైవాళ్లు, కిందివాళ్లు, తోటివాళ్లు అందరినీ మీ గురించి అడిగి నివేదిక తయారుచేయడమే 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్. మనకు కనిపించనిది ఎదుటివాళ్లకు కనిపిస్తుందన్నది నిజం. 1955లో మనస్తత్వవేత్తలు జోసెఫ్ లుఫ్ట్, హ్యారీ ఇంగమ్ తమ పేర్ల ముక్కలు కలిపి ‘జోహారీ కిటికీ’ అని గీసిన నాలుగు గళ్లలో ఒక గడి పూర్తిగా దీనికే.

కానీ ఫీడ్‌బ్యాక్ ఎంత ఎక్కువైతే అంత మేలు అనుకోకండి. క్లూగర్, డెనిసి అనే పరిశోధకులు 1996లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, సగటున ఫీడ్‌బ్యాక్ మేలే చేసింది గానీ మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో దాని తర్వాత పనితీరు తగ్గింది. దృష్టి పని మీదినుంచి ‘నేనెలాంటివాడిని’ అనే బెంగ మీదికి మళ్లినప్పుడు ఇలా జరుగుతుందని వాళ్ల వివరణ.

పదవిలోకి వచ్చి ఆరు వారాలైనా కాని మనిషి చేతిలో నలభై పేజీల నివేదిక పెట్టడం నాకు ఇష్టం ఉండదు. దానికి బదులు టీమ్‌లో ముగ్గురిని విడివిడిగా ఒకే ప్రశ్న అడగమంటాను: ‘నేను ఏ ఒక్కటి ఆపితే నీ పని తేలికవుతుంది?’ అడిగాక నోరు మూసుకుని రాసుకోవాలి, సంజాయిషీ చెప్పకూడదు. అడిగినంత మాత్రాన జనం చెప్పేయరు. మొదటిసారి ‘ఏం లేదండీ, అంతా బాగుంది’ అంటారు. రెండోసారి ఒక చిన్న విషయం చెప్పి మీ మొహం వంక చూస్తారు. మీరు దాన్ని మార్చుకున్నారని కనిపించాకే అసలు విషయం బయటికి వస్తుంది.

మా మేనేజరే నాకు కోచ్‌గా ఉండొచ్చా?

కొంతవరకు. మంచి మేనేజర్ లక్షణాలేమిటో గూగుల్ తన సొంత సిబ్బంది సమాచారంతో తేల్చుకున్నప్పుడు, ‘మంచి కోచ్‌గా ఉండటం’ ఆ జాబితాలో మొదటిది. కాబట్టి రోజువారీ పనిలో మీ మేనేజర్ కోచ్‌లా మాట్లాడితే అదృష్టవంతులే. చిక్కు ఒక్కటే: మీకు రేటింగ్ ఇచ్చేది కూడా ఆయనే. ‘ఈ పదవి నాకు సరిపోదేమో’ అన్న మాటను జీతం పెంచే మనిషి ముందు ఎవరంటారు? సంస్థలోనే వేరే విభాగం నుంచి శిక్షణ పొందిన కోచ్ దొరికితే ఆ ఏర్పాటు బాగుంటుంది.

నేను చెప్పింది పైవాళ్లకు చేరిపోదు కదా?

చేరకూడదు. డబ్బు కట్టేది సంస్థ అయినప్పుడు మొదట్లోనే మీరు, మీ మేనేజర్, కోచ్ ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవాలి. లక్ష్యాలేమిటో, ఎన్ని సెషన్లు జరిగాయో సంస్థకు తెలియవచ్చు. లోపల ఏం మాట్లాడుకున్నారన్నది మాత్రం మీదే. చట్టవిరుద్ధమైన విషయం, ఎవరి ప్రాణానికైనా ముప్పు వంటివి మినహాయింపు. అవి కూడా కోచ్ ముందే చెప్పాలి. ఈ మాట మొదటి గంటలో కోచ్ ఎత్తకపోతే మీరే ఎత్తండి, జవాబు నీళ్లు నమిలినట్టుంటే మనసులో మాట చెప్పకండి.

కోచ్‌ని పెట్టారంటే నా మీద నమ్మకం లేదనేనా?

ఈ అనుమానం పెద్దవాళ్లకూ వచ్చింది. 2001లో ఎరిక్ ష్మిట్ గూగుల్ పగ్గాలు పట్టాక, బోర్డు సభ్యుడు జాన్ డోర్ ఆయన్ను కోచ్‌ని పెట్టుకోమన్నాడు. అంత అనుభవం ఉన్న నాకు కోచ్ ఏమిటని ష్మిట్ మొదట చిన్నబుచ్చుకున్నాడు. ఆ కోచ్ బిల్ క్యాంప్‌బెల్, ఒకప్పుడు కొలంబియా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్. ఏళ్ల తర్వాత, తనకు అందిన అత్యుత్తమ సలహా అదేనని ష్మిట్ స్వయంగా చెప్పుకున్నాడు.

నాకు దానికంటే నచ్చే ఉదాహరణ సర్జన్ అతుల్ గవాండేది. చెయ్యి తిరిగిన డాక్టరై ఉండి కూడా, తనకు ఒకప్పుడు నేర్పిన రిటైర్డ్ సర్జన్‌ని పిలిచి ఆపరేషన్ చేస్తుండగా పక్కన నిలబడి చూడమన్నాడు. ఆపరేషన్ చక్కగా జరిగిందనే అనుకున్నాడు. పెద్దాయన దగ్గర మాత్రం కాగితం నిండా రాతలున్నాయి. మోచెయ్యి అప్పుడప్పుడు పైకి లేస్తోంది. దీపం కోత మీదినుంచి పక్కకు జరిగిపోయింది, దాదాపు అరగంట పాటు గవాండే చుట్టూ ఉన్నవాటి మీద పడి తిరిగొచ్చిన వెలుతురులోనే పని చేశాడు, ఆ సంగతే గమనించలేదు. ఇది 2011లో ఆయనే రాసుకున్నాడు.

అయితే నిజం దాచను. కొన్ని సంస్థలు ఒక మనిషిని పంపించేయాలని నిర్ణయించుకున్నాక, రికార్డు కోసం కోచ్‌ని పెడతాయి. అలా అనిపిస్తే మీ మేనేజర్‌ని సూటిగా అడగండి: ‘ఇది బాగా సాగితే ఆరు నెలల్లో నాలో ఏం మారి ఉండాలి?’ స్పష్టమైన జవాబు వస్తే పెట్టుబడి. రాకపోతే మీకు అర్థమవుతుంది.

ఇది పనిచేస్తుందనడానికి ఆధారాలున్నాయా, లేక మాటల గారడీనా?

ఉన్నాయి, కానీ కోచ్‌లు ప్రకటనల్లో చెప్పుకునేంత కాదు. 2014లో నెదర్లాండ్స్ పరిశోధకులు 18 అధ్యయనాలు కలిపి చూసి, పనితీరు, ఒత్తిడిని తట్టుకోవడం, పని పట్ల వైఖరి, లక్ష్యం వైపు తమను తాము నడుపుకోవడం వంటి వాటిపై కోచింగ్ ప్రభావం మేలు వైపే ఉందని తేల్చారు. 2016లో బ్రిటన్ పరిశోధకులు చేసిన ఇలాంటి పరిశీలనలో మూడు సంగతులు మా వృత్తివాళ్లకు మింగుడుపడవు: బయటి కోచ్‌ల కంటే సంస్థలోని కోచ్‌ల వల్లే ఎక్కువ ఫలితం కనిపించింది, సెషన్ల సంఖ్య పెరిగినంత మాత్రాన ఫలితం పెరగలేదు, 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ జోడించినచోట ప్రభావం తగ్గింది.

అధ్యయనాల సంఖ్య తక్కువ, చాలావాటిలో ఫలితాన్ని చెప్పింది కోచింగ్ తీసుకున్నవాళ్లే. డబ్బు, సమయం పెట్టినవాడు ‘ఏమీ లాభం లేదు’ అని అంత తేలిగ్గా అనడు. ఆ మేరకు తగ్గించే చదువుకోవాలి.

ఎంతకాలం తీసుకోవాలి?

కొత్త పదవిలో ఉన్నవాళ్లకు రెండు మూడు వారాలకోసారి చొప్పున ఆరు నుంచి పది సెషన్లు నాకు సబబుగా అనిపిస్తాయి. వారంవారం పెట్టుకుంటే మధ్యలో ప్రయత్నించడానికి ఏమీ జరిగి ఉండదు. ఏళ్ల తరబడి సాగుతుంటే ఎవరో ఒకరు ఎవరి మీదో ఆధారపడిపోయారని అర్థం, అది కోచ్ కూడా కావచ్చు.

కోచ్‌ని ఎలా ఎంచుకోవాలి?

చాలాచోట్ల డాక్టరుకో లాయరుకో ఉన్నట్టు ఈ వృత్తికి లైసెన్సు లేదు. ఎవరైనా కోచ్‌నని బోర్డు పెట్టుకోవచ్చు. 1995లో మొదలైన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ ఇచ్చే ధ్రువీకరణలకు మూడు స్థాయులున్నాయి. వాటికి కోచింగ్ అనుభవం కనీసం 100, 500, 2,500 గంటలు ఉండాలి, శిక్షణ, పరీక్ష అదనం. ఇది వడపోతకు పనికొస్తుంది, అంతవరకే.

ఇద్దరు ముగ్గురితో అరగంట చొప్పున ఉచితంగా మాట్లాడి చూడండి, చాలామంది ఒప్పుకుంటారు. ఆ అరగంటలో ఎవరు ఎక్కువ మాట్లాడారో గమనించండి. కోచ్ తన గొప్ప క్లయింట్ల పేర్లు చెప్పుకుంటే లేచి వచ్చేయండి. రేపు మీ పేరూ ఇంకెక్కడో చెబుతాడు. ‘మీతో ఎవరికి కుదరలేదు?’ అని అడగండి. ‘అందరికీ కుదిరింది’ అన్నవాళ్లను నేనైతే నమ్మను.

కోచింగ్ పనిచేయని సందర్భాలు ఏవి?

ఇష్టం లేని మనిషిని కూర్చోబెట్టినప్పుడు. సమస్య మనిషిలో కాక ఏర్పాటులో ఉన్నప్పుడు కూడా: ఐదుగురి పనికి ముగ్గురినే ఇచ్చి, కొత్త లీడర్‌కి ‘టైమ్ మేనేజ్‌మెంట్’ మీద కోచింగ్ ఇప్పిస్తారు. అతనికి కావాల్సింది ఇంకో ఇద్దరు మనుషులు. అలాంటి కేసుల్లో నేను చేయగలిగింది, పైవాళ్లను ఆ ఇద్దరినీ ఎలా అడగాలో సిద్ధం చేయించడమే. పైఅధికారి వేధించేవాడైతే అది ఫిర్యాదు చేయాల్సిన వ్యవహారం, ‘నీ స్పందన మార్చుకో’ అని కోచింగ్‌తో సర్దేది కాదు.

కోచ్‌ని పెట్టుకునే స్తోమత లేకపోతే?

మీలాగే కొత్తగా లీడరైనవాళ్లు నలుగురైదుగురిని కూడగట్టండి. బ్రిటన్ బొగ్గు గనుల్లో 1940లలో రెగ్ రెవాన్స్ గని మేనేజర్లను చిన్న బృందాలుగా కూర్చోబెట్టి, బయటి నిపుణులు లేకుండా ఒకరి సమస్యను ఒకరు విచారించుకునేలా చేశాడు. ‘యాక్షన్ లెర్నింగ్’ అని దానికి పేరు. నియమం సులువు, పాటించడమే కష్టం: ఒకరు తన సమస్య చెప్పాక మిగతావాళ్లు ఇరవై నిమిషాల పాటు ప్రశ్నలే అడగాలి. ‘నువ్విలా చెయ్యొచ్చు కదా’ అన్నది ప్రశ్న కిందికి రాదు. ‘నువ్వెందుకు ఇలా చెయ్యకూడదు?’ అన్నది కూడా సలహాయే, వేషం మార్చుకుంది అంతే. మొదటి రెండుసార్లు ఎవరో ఒకరు గంట కొట్టాల్సి వస్తుంది.

ఏఐ చాట్‌బాట్ కోచ్ సరిపోదా?

ఆలోచన కాగితం మీద పెట్టుకోవడానికి, కష్టమైన సంభాషణకు రిహార్సల్ చేసుకోవడానికి పనికొస్తుంది. మీ గొంతు ఎక్కడ వణికిందో, ఎవరి పేరు రాగానే కుర్చీలో ఎలా కదిలారో టైప్ చేసిన అక్షరాల్లో కనిపించదు. టీమ్ సభ్యుల పేర్లు, రహస్యాలు అందులో రాసే ముందు మీ సంస్థ నియమాలు చూసుకోండి.

మొదటి సెషన్‌కి ఏం సిద్ధం చేసుకుని వెళ్లాలి?

జీవిత లక్ష్యాల జాబితా అక్కర్లేదు. ఈ మధ్య జరిగిన ఒక్క సంఘటన పట్టుకెళ్లండి. ఏ మీటింగ్ తర్వాత దారి పొడవునా అదే తలుచుకుంటూ ఇంటికి వెళ్లారో, అది. ఎవరు ఏమన్నారో, మీరేమన్నారో, అనాలనుకుని ఏం మింగేశారో గుర్తున్నంతవరకు మాటలుగా రాసుకోండి. ‘అతను అగౌరవంగా మాట్లాడాడు’ అని రాయకండి, అతను అన్న మాట రాయండి. సగం పేజీ చాలు.

ఫోన్‌ని గదిలోకి తీసుకెళ్లకండి. టీమ్ ఒక గంట మీరు లేకుండా ఏం చేస్తుందో అదే రోజు సాయంత్రం కనుక్కోవచ్చు, రెండో సెషన్‌లో మాట్లాడటానికి అదీ పనికొస్తుంది.